కొయ్య పావురానికి బిన్ కార్డు

ఒమన్‌లో ఇబ్రా మీదుగా సూర్ వైపు కొత్త రోడ్డు వేస్తున్న కంపెనీలో ఖమరుద్దీన్ స్టోర్ కీపర్. అతని స్టోర్‌లోంచి ఒక్క నట్టు బయటికి రావాలన్నా ఇష్యూ స్లిప్పు రాయాలి, కింద సంతకం పడాలి. ఒకసారి సైట్ మేనేజరే టార్చిలైటు కోసం వచ్చి, "నేనే కదా, ఇచ్చెయ్" అన్నాడు. "మీ సంతకమైతే పుస్తకానికి ఇంకా అందం సార్" అంటూ ఖమరుద్దీన్ స్లిప్పుల పుస్తకం ముందుకు తోశాడు. మేనేజర్ నవ్వలేక, కోప్పడలేక సంతకం గీకి టార్చి పట్టుకుపోయాడు. ఆ రోజు నుంచి క్యాంపులో అందరూ అతన్ని వెనకాల 'తాళం భాయ్' అనేవాళ్ళు. కొన్నాళ్ళకి ముందరే అనడం మొదలుపెట్టారు. అతను పలికేవాడు కూడా.

ఆ స్టోర్‌లో చివరి అరల వెనక, గ్రీజు డబ్బాలకీ పాత టైర్లకీ మధ్య, కంపెనీది కాని రేకు పెట్టె ఒకటి ఉండేది. కబూతర్ జమాత్ చరిత్ర అంతా అందులోనే ఉంది.

కబూతర్ జమాత్ అంటే ఏదో పార్టీ అనుకునేరు. ఉత్తర తెలంగాణలో ఒక జిల్లా పట్నం. అక్కడో కాలేజీ, దానికో పాత హాస్టలు. ఆ హాస్టలు చూరు కింద విద్యార్థుల కన్నా పావురాలే ఎక్కువ. 1957లో అక్కడి మగపిల్లలు కొందరు అన్నదమ్ముల్లా ఉందామని ఒక జట్టు కట్టి, దానికి పావురాల పేరు పెట్టారు. కొత్తగా చేరేవాడు కొయ్య పావురాన్ని నెత్తిన పెట్టుకుని, చెయ్యి తగలనివ్వకుండా, హాస్టలు మెట్లు దిగి మెస్సు దాకా నడవాలి. పడేస్తే మళ్ళీ మొదటి మెట్టు నుంచి మొదలు. నడుస్తూ నడుస్తూ ప్రమాణం చెప్పాలి: "తింటే కలిసి తింటం, తంతే కలిసి తన్నించుకుంటం." చేరినవాడి పేరూ, ఊరూ, పావురాన్ని ఎన్నిసార్లు పడేశాడన్న లెక్కా 'గూటి పుస్తకం'లో ఎక్కేవి. కులం, మతం రాసే గడి ఆ పుస్తకంలో లేదు.

1962లో చేరిన ఖమరుద్దీన్ పదకొండుసార్లు పడేశాడు. ఆ ఘనత ఇప్పటికీ ఎవరూ అందుకోలేదు. బి.ఏ. ఇంగ్లీషు పేపరు దగ్గర ఆగిపోయింది గానీ, జమాత్‌కి మూడేళ్ళు కార్యదర్శిగా మాత్రం పనిచేశాడు. ఆ పని ఇంకెవరికీ అక్కర్లేకపోయింది. అతనికేమో కాగితాలు వరసగా పెట్టడమంటే మిఠాయి తిన్నంత ఇష్టం.

1973లో హాస్టలు కప్పు కూలేలా ఉందని కాలేజీవాళ్ళు ఖాళీ చేయించారు. జమాత్ కాగితాలు బజ్జీల బండికి వెళ్ళాయని తెలిసి ఖమరుద్దీన్ చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు. సగం పైగా దక్కాయి, కొయ్య పావురంతో సహా ఇంట్లో రేకు పెట్టెలోకి ఎక్కాయి. 1959 నాటి గ్రూప్ ఫోటోలో మాత్రం రెండో వరసలో మూడో మనిషి ముఖం మీద నూనె మరక పడింది. అప్పటికి ఆ ఫోటోలో నాలుగు మిర్చిబజ్జీలు చుట్టి ఉన్నాయి. బజ్జీలు బండివాడికి వాపసిచ్చి ఫోటో తెచ్చుకున్నాడు.

ఇంట్లో భార్య అక్తరీ బేగం నెల రోజులు ఓపిక పట్టింది. "పెట్టెల నీ దోస్తులుంటరు, నా చీరలు దండెం మీద ఉంటయా?" అంది. ఆ తరవాత ఒక రోజు 1960 సంవత్సరమంతా వంటింటి అరల్లో డబ్బాల కింద పరుచుకుని కనిపించింది. అందుకే 1975లో ఒమన్ వీసా రాగానే ఖమరుద్దీన్ పెట్టెని కూడా వెంట తీసుకుపోవాలని నిశ్చయించుకున్నాడు. "మంచిదే, ఇద్దరూ పోండి" అంది ఆవిడ.

బొంబాయిలో షిప్పెక్కిన తోటివాళ్ళ సామాన్లలో మామిడికాయ తొక్కు, కారప్పొడి, దుప్పట్లు ఉన్నాయి. మత్రా రేవులో దిగాక కస్టమ్స్ ఆఫీసరు వాటిని చూసీ చూడనట్టు వదిలేశాడు. ఖమరుద్దీన్ పెట్టె తెరిచేసరికి మాత్రం ఆగిపోయాడు. పాత పుస్తకాలు, కాగితాల కట్టలు, పగిలిన మెస్సు గంట, వాటి నడుమ కళ్ళు విప్పి చూస్తున్న కొయ్య పావురం.

"ఏష్ హాదా?" అన్నాడు ఆఫీసరు పావురాన్ని పైకెత్తి.

ఇదేమిటని అడుగుతున్నాడని అర్థమైంది. అరబ్బీ రాని ఖమరుద్దీన్ రెండు చేతులూ రెక్కల్లా ఆడించాడు.

"ఆ! హమామా!" అన్నాడు ఆఫీసరు.

అరబ్బీలో పావురాన్ని అలాగే అంటారు. ఖమరుద్దీన్‌కి మాత్రం ఉర్దూలో స్నానాల గదిని అనే హమామ్ వినిపించి స్నానం గుర్తొచ్చింది. అన్ని రోజులు షిప్పులో ఉన్నాను, వాసన కొడుతున్నానేమో అని సిగ్గుపడిపోయి, "పొద్దున్నే చేసిన సాబ్! సబ్బు పెట్టి చేసిన!" అని ఉర్దూలో చెబుతూ చంకలు రుద్ది చూపించాడు. పక్కనున్న బలూచీ కూలీకి ఉర్దూ వచ్చు. అతను నవ్వి నవ్వి కింద కూర్చుండిపోయాడు. తరవాత లేచి అటు సంగతి ఇటూ, ఇటు సంగతి అటూ చెప్పాడు. ఆఫీసరు కూడా నవ్వాడు. చివరికి కాగితాల కట్టలు చూపించి అవేమిటన్నాడు.

"తారీఖ్" అన్నాడు ఖమరుద్దీన్.

చరిత్ర అనే ఆ మాట ఉర్దూలోనూ అరబ్బీలోనూ ఒకటే. ఆఫీసరు నవ్వు ఆపి, పావురాన్ని రెండు చేతులతో మళ్ళీ దాని చోట పెట్టి, మూత తనే వేశాడు.

ఇబ్రా క్యాంపులో స్టోర్ చేతికొచ్చాక మొదటి నెలలోనే ఖమరుద్దీన్ పెట్టెలోని ప్రతి వస్తువుకీ ఒక బిన్ కార్డు కట్టాడు. స్టోర్‌లో సరుకు పేరూ సంఖ్యా రాసి ప్రతి అరకీ వేలాడదీసే కార్డులే అవి. "వస్తువు: కొయ్య పావురం. సంఖ్య: ఒకటి. స్థితి: ఎడమ రెక్క కొస విరిగింది. విరగ్గొట్టినవాడు: ఖమరుద్దీన్." నూనె పడ్డ ఫోటో కార్డు మీద, "మరక: మిర్చిబజ్జీ. ముఖం: ఆర్మూరు రాజలింగం కావచ్చు, కాకపోవచ్చు."

1977 నాటికి జమాత్ పాత సభ్యులు ఒమన్‌లో ఇరవైముగ్గురయ్యారు. జమాత్ పుట్టి ఇరవయ్యేళ్ళయింది, ఒక శుక్రవారం అందరం కలుద్దాం, మన చరిత్ర ఒక పుస్తకంగా వేద్దాం అన్నారు. రాసే పని ఎవరిదో అడగాల్సిన అవసరం లేకపోయింది. మొదటి వాక్యం దగ్గరే చిక్కు వచ్చింది: జమాత్‌ని స్థాపించింది ఎవరు?

గంగన్న అదే కంపెనీలో టైమ్ కీపర్. ముర్తుజా రువీలో ఒక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్, సెలవు రోజుల్లో ఇబ్రా వచ్చిపోయేవాడు. ఇద్దరూ 1957 బ్యాచే. ఖమరుద్దీన్ కన్నా ఐదేళ్ళు పెద్ద.

"రాస్కో. పెట్టింది నేను. కబూతర్ జమాత్ అన్న పేరు నా నోట్లకెల్లే వచ్చింది" అన్నాడు గంగన్న.

"అప్పుడు నీ నోట్లకెల్లి పాన్ ఉమ్ము తప్ప ఇంకేం రాలే" అన్నాడు ముర్తుజా. "పావురం తెచ్చింది నేను. పావురం లేకుంట జమాత్ ఏంది?"

"ఎక్కడికెల్లి తెచ్చినవ్ భాయ్?" అని పెన్ను పట్టుకుని అడిగాడు ఖమరుద్దీన్.

ముర్తుజా చొక్కా గుండీ సర్దుకున్నాడు. "తెచ్చిన. అంతే." చిత్రంగా గంగన్న కూడా ఆ ఒక్క సంగతి రెట్టించలేదు.

గూటి పుస్తకం తీశారు. మొదటి నాలుగు ఆకులూ చెదలు తినేశాయి. "రాసి ఉన్నది దొరికేదాక నేను ఎవరి పేరూ ఎక్కియ్య" అన్నాడు ఖమరుద్దీన్. సభ్యులందరికీ ఐదేసి ప్రశ్నలు రాసి పంపాడు. పదకొండు జవాబులొచ్చాయి. వాటిలో స్థాపకులుగా తొమ్మిదిమంది తేలారు. అందులో ముగ్గురు తమ పేరే రాసుకున్నారు. బురైమి నుంచి ఒకాయన ఐదు ప్రశ్నలూ వదిలేసి, మెస్సు పప్పు ఎంత నీళ్ళగా ఉండేదో రెండు పేజీలు రాశాడు. ఖమరుద్దీన్ దానికీ కార్డు కట్టాడు.

ఈ గొడవలో ఉండగానే ఒక ఉదయం పాత చెక్కపెట్టె విప్పుతుంటే తుప్పు మేకు అతని అరికాల్లో దిగింది. గంగన్న జీపులో వేసుకుని ఊళ్ళోని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అతన్ని లోపల కూర్చోబెట్టి, తను సిగరెట్టు కోసం బయటికి పోయాడు.

కొత్తగా బదిలీ మీద వచ్చిన నర్సు సూది మందు పట్టుకొచ్చింది. సన్నటి మనిషి, నలభైకి దగ్గర వయసు, ముక్కు మీద కళ్ళజోడు. ఖమరుద్దీన్ మేకుకి భయపడలేదు గానీ సూది చూసి కళ్ళు మూసుకున్నాడు. అలాంటప్పుడు కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు. అతనికి కాలేజీ రోజుల నుంచీ జమాత్ ప్రమాణమే అలవాటు.

"తింటే కలిసి తింటం, తంతే కలిసి తన్నించుకుంటం..."

సూది దిగలేదు. కళ్ళు తెరిస్తే ఆవిడ సూది గాల్లోనే ఉంచి అతని ముఖంలోకి చూస్తోంది.

"తప్పు చెప్తున్నవ్" అంది తెలుగులో.

ఇబ్రాలో నర్సు నోట ఆ యాసలో తెలుగు వినడం ఒక ఆశ్చర్యమైతే, తప్పనడం ఇంకో ఆశ్చర్యం. "ఏం తప్పు? పదిహేనేండ్ల సంది ఇట్లనే చెప్తున్న" అన్నాడు.

"పదిహేనేండ్ల సంది తప్పే చెప్తున్నవ్. తంతే కాదు, 'తిడితే కలిసి తిట్టించుకుంటం'. మా వార్డెనమ్మ తిట్టేది గని తన్నేది కాదు" అంటూనే ఆవిడ సూది పొడిచేసింది. అతనికి నొప్పి తెలియనేలేదు.

ఆమె పేరు రషీదున్నీసా. 1955లో అదే కాలేజీ, ఆడపిల్లల హాస్టలు. హాస్టలంటే మగపిల్లల హాస్టలు గోడకి ఆనుకున్న అద్దె బంగళా, అందులో ఏడుగురు అమ్మాయిలు. అక్కడి చూరు కిందా పావురాలే. ఏడుగురూ కలిసి 'పావురాల గుంపు' అని పెట్టుకున్నారు. నిర్మల్ కొయ్య పావురాన్ని నెత్తిన పెట్టుకుని, ప్రమాణం చెబుతూ వరండా అంతా నడవడం వాళ్ళ కట్టడి. ఆ మాటలన్నీ గోడ అవతలికి వినిపించేవి.

"నెత్తి మీదనా? మాది గూడ అంతే" అన్నాడు ఖమరుద్దీన్ నీరసంగా.

"కొప్పు ఉంటది కదా, మాకు పడిపోయేది కాదు. మీ మగోళ్ళకెట్ల నిలిచిందో!"

పదకొండుసార్ల సంగతి అతను చెప్పలేదు.

"రాసి ఉన్నదా ఆపా, ఎక్కడన్న?" అన్నాడు అక్కని పిలిచినట్టు. ఆ ప్రశ్నతో ఆవిడ ముఖం విప్పారింది. తన ఆటోగ్రాఫ్ పుస్తకం, ఏడుగురూ పావురంతో దిగిన ఫోటో ఎక్కడికి బదిలీ అయినా వెంట తిప్పుకుంటోందట. "మరి ఒక వారం ఇస్తరా? చూసి తెచ్చిస్త."

"ఇయ్య. చూసేదుంటే వచ్చి నా ముందట కూసొని చూడు. చెయ్యి కడుక్కొని రా. ముట్టే ముందట ఈ కాయితం మీద సంతకం చెయ్యి."

ఖమరుద్దీన్ జీవితంలో మొదటిసారి అవతలి పక్క నిలబడ్డాడు. కుంటుతూ జీపెక్కాక, "ఏమైంది, బాగ నొప్పి పుట్టిందా? అట్లున్నవేంది?" అన్నాడు గంగన్న. "గంగన్నా, ఇక్కడ ఇంకో తాళం ఉన్నది" అన్నాడు ఖమరుద్దీన్. అంతకు మించి చెప్పలేదు.

వరసగా మూడు సాయంత్రాలు డ్యూటీ అయ్యాక వెళ్ళి, చేతులు కడుక్కుని, సంతకం చేసి ఆ పుస్తకం చూశాడు. ఫోటో వెనక 'ఫిబ్రవరి 1956' అని ఉంది. ఫోటోలో నడుమ కూర్చున్న అమ్మాయి ఒళ్ళో ఉన్నది అదే పావురం, అప్పటికి రెండు రెక్కలూ పూర్తిగా ఉన్నాయి. 1957 నాటి ఒక పేజీ దగ్గర మాత్రం అతనికి నవ్వూ భయమూ ఒకేసారి వచ్చాయి. ఆ పేజీకి గుండుసూదితో ఒక గుడ్డముక్క గుచ్చి ఉంది.

ఆ రాత్రి గంగన్న లేని వేళ భోజనాల దగ్గర సంగతి విన్న ఇద్దరు ముగ్గురు సభ్యులు తల గోక్కున్నారు. "పోనీ తియ్యి ఖమర్, ఇయ్యన్ని పుస్తకంల ఎందుకు? ఆడపిల్లల నుంచి తెచ్చుకున్నమంటే ఇజ్జత్ పోతది."

"స్టోర్‌ల ఉన్న మాల్ రాయకుంట ఎట్ల ఉంటది?" అన్నాడు ఖమరుద్దీన్. గొంతు పెంచలేదు. "నేను బజ్జీల బండి దగ్గర గుంజుకొచ్చింది నాకు నచ్చిన కాయితాలనే కాదు, అన్నిటినీ."

అనుకున్న శుక్రవారం క్యాంపు మెస్సులో మధ్యాహ్నం బిర్యానీ అయింది. సభ్యులు పందొమ్మిదిమంది వచ్చారు. రషీదున్నీసా ఇంకో నర్సుని తోడు తీసుకుని, ఆటోగ్రాఫ్ పుస్తకం చీర కొంగు కింద భద్రంగా పట్టుకుని వచ్చింది. స్థాపకుడి పేరు తేలే రోజని గంగన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ముర్తుజా అత్తరు పూసుకొచ్చాడు.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివింది.

"'ఈ రోజు కాలేజీ డే. ముంతాజ్, నేను తప్ప అందరూ మైదానంలో ఉండగా మధ్యాహ్నం మూడు గంటలకి ఇద్దరు మగపిల్లలు మన గోడ దూకి వచ్చారు. ఒకడు పావురాన్ని ఎత్తుకుని పారిపోయాడు. రెండోవాడి పైజామా గోడ మీది సీసా పెంకులకి చిక్కుకుంది. ముంతాజ్‌కి జాలేసి కిటికీలోంచి కత్తెర అందించింది. అతను గుడ్డ కత్తిరించుకుని దూకేశాడు. కత్తెర వాపసు ఇయ్యలేదు.'"

చదవడం అయ్యాక ఆవిడ పుస్తకం మీంచి తలెత్తింది.

"పావురం తెచ్చి జమాత్ పెట్టినోళ్ళు వీళ్ళే కావాలె" అంది ఆవిడ. "స్థాపకులు ఎవరో జర నిలబడుండ్రి."

ముర్తుజా మొదట తేరుకున్నాడు. "గంగన్నా, లెవ్వు. ఎంతైనా జమాత్ పెట్టింది నువ్వే. పేరు నీ నోట్లకెల్లే వచ్చింది."

"తోబ తోబ!" అన్నాడు గంగన్న. అంతకుముందెప్పుడూ ఆ మాట అతని నోట రాలేదు. "అంత పెద్ద పేరు నాకెందుకు? పావురం తెచ్చింది ముర్తుజా భాయ్. పావురం లేంది జమాత్ ఏంది? స్థాపకుడు ఆయననే."

"లే లే, ఆలోచన నీది!"

"కాళ్ళు నీయి!"

ఇరవయ్యేళ్ళుగా 'నేను నేను' అని కొట్టుకున్నవాళ్ళు ఇప్పుడు 'నువ్వు నువ్వు' అని కొట్టుకుంటుంటే జనం బల్లలు చరుస్తూ నవ్వారు. రషీదున్నీసా మాత్రం నవ్వకుండా పేజీని అందరికీ కనిపించేలా తిప్పింది. గుండుసూదికి నీలి చారల గుడ్డముక్క.

వెనక బెంచీ మీంచి ఎవరో అరిచారు. "అరె! ఆ చారల పైజామా గంగన్నది గాదుర? సగం కాలుతోని ఎండకాలమంత తొడిగిండు!"

గంగన్న మెల్లగా లేచాడు. చెవులు ఎర్రబడ్డాయి. రషీదున్నీసా వైపు తిరిగాడు. "తప్పైంది అక్కా. మేము పిలగాండ్లం. పావురం మీద మనసు పడ్డది. అడిగితె ఇయ్యరనుకున్నం. ఆ కత్తెర ఇంట్లనే ఉన్నది. మా ఆమె వక్కలు కత్తిరిస్తది."

"అదే కత్తెరనా?" ఖమరుద్దీన్ పెన్ను తీశాడు. "జాబు రాసి తెప్పియ్యి గంగన్నా. పార్సిల్‌ల వద్దు, ఎవరన్న వస్తుంటే చేతికిచ్చి పంపియ్యమను."

అప్పుడు రషీదున్నీసా నవ్వింది. కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వింది.

నవ్వడం అయ్యాక చెయ్యి చాపింది. "మరి నా పావురం?"

ఖమరుద్దీన్ ఈ ప్రశ్న వస్తుందని మూడు రోజులుగా అనుకుంటూనే ఉన్నాడు. అయినా మెస్సుకి మోయించి తెచ్చిన పెట్టె తెరిచి, పావురాన్ని చొక్కా అంచుతో ఒకసారి తుడిచాడు. బజ్జీల బండి నుంచీ, అక్తరీ బేగం అరల నుంచీ, సముద్రం నుంచీ కాపాడుకున్న పెట్టెలోది. ఇష్యూ పుస్తకంలో స్లిప్పు తెరిచి 'ఇష్యూ' అన్న అచ్చు మాటని కొట్టేసి, పైన 'వాపసు' అని రాశాడు. ఆవిడ సంతకం చేసింది. పావురాన్ని తిప్పి చూసి విరిగిన రెక్క మీద వేలు పెట్టింది. "ఇది ఎవరు చేసిండ్రు?"

"నేనే ఆపా" అన్నాడు. "నాకు కొప్పు లేకుండె."

పుస్తకం 1978లో కంపెనీ సైక్లోస్టైల్ మెషీన్ మీద ముర్తుజా గీసిన బొమ్మలతో వచ్చింది. మొదటి అధ్యాయం ఏడుగురు ఆడపిల్లలది, రెండో అధ్యాయం గోడది. నల్లటి ఇంకు సగం పేజీల్లో అలుక్కుపోయినా ఇరవైముగ్గురూ తలో రెండు కాపీలు పట్టుకుపోయారు. ఊళ్ళకి వెళ్ళినవాళ్ళు అక్కడ పంచారు. ఆ తరవాత నుంచీ ఖమరుద్దీన్‌కి ఉత్తరాలు మొదలయ్యాయి. ఒకరు హాల్ టికెట్టు పంపారు, ఒకరు మెస్సు సెక్రటరీని తిడుతూ రాసిన పద్యం పంపారు. కోరుట్లలో టీచరుగా ఉన్న సులోచన అనే ఆవిడ, ఏడుగురిలో ఒకరు, నాలుగు పేజీలు రాసింది. పుస్తకం బాగుంది గానీ ఒక తప్పు ఉందట. పావురం రషీదున్నీసాది కాదట. నిర్మల్ నుంచి తను కొని తెచ్చుకుంటే, రషీదున్నీసా చూసి ఇస్తానని తీసుకుని మళ్ళీ ఇవ్వలేదట. దానికి తన దగ్గర రుజువుందట.

ఖమరుద్దీన్ ఆ ఉత్తరం పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. రషీదున్నీసా రెండుసార్లు చదివి, మడిచి, అతని చేతిలో పెట్టింది.

"సులోచన ఫస్టియర్ నుంచీ అంతే" అంది. "ఆ రుజువేందో పంపియ్యమను, చూద్దాం." కిటికీలో ఉన్న పావురాన్ని మాత్రం కొంచెం లోపలికి జరిపింది.

మర్నాడు ఖమరుద్దీన్ డ్యూటీ ఎక్కకముందే క్యాంపు కార్పెంటర్ ఇస్తారి దగ్గరికి వెళ్ళి ఇంకో పెట్టె కావాలన్నాడు.

"ఎంత పెద్దది భాయ్?" అన్నాడు ఇస్తారి కొలబద్ద తీస్తూ.

"ఇప్పటిదాక మగోళ్ళయే వచ్చినయి" అన్నాడు ఖమరుద్దీన్. "ఇంక ఆడోళ్ళు రాస్తున్నరు. జర పెద్దదే చెయ్యి."